‘ఎంతమందిలో?’ అని అడిగారా: గణాంకాల మీద అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో స్టాటిస్టిక్స్ చెప్పుకుని బతికేవాడికి క్లాసు ఒక్కటే పని కాదు. స్విమ్స్, ఎస్వీ మెడికల్ కాలేజీ, వ్యవసాయ కళాశాల, వెటర్నరీ యూనివర్సిటీ అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి కాబట్టి థీసిస్ ఫైలు చంకలో పెట్టుకుని వచ్చేవాళ్లు ఏడాది పొడవునా ఉంటారు. పల్లెకు పోతే రైతుల ప్రశ్నలు, అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర పక్కింటివాళ్ల ప్రశ్నలు. పైకి వేరు వేరుగా కనిపించినా చాలావాటిలో తప్పిపోయింది ఒక్కటే: అంకె కింద ఉండాల్సిన మొత్తం. ఎంతమందిలో, ఎవరిలో, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా. పై అంకెను అందరూ గట్టిగా చెబుతారు, కింది అంకెను మింగేస్తారు.

అపోహ: సగటు ప్యాకేజీ 8 లక్షలంటే మావాడికీ కొంచెం అటూ ఇటూగా అంతే వస్తుంది.

వాస్తవం: ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో చంద్రగిరి రోడ్డు మీద, రేణిగుంట రోడ్డు మీద హోర్డింగులు చూస్తూనే ఉంటారు. పది మందికి ఉద్యోగాలు వచ్చాయనుకుందాం. తొమ్మిది మందికి ఏడాదికి 4 లక్షలు, ఒకరికి 44 లక్షలు. అన్నీ కూడి పదితో భాగిస్తే 8 లక్షలు. లెక్కలో తప్పు లేదు. కానీ 8 లక్షలు తీసుకునేవాడు ఆ పది మందిలో ఒక్కడూ లేడు. జీతాలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చి మధ్యలో ఉన్నది చూడండి, 4 లక్షలే. దీన్ని మధ్యగతం అంటాం, పిల్లలు మీడియన్ అంటారు. జీతాలు, స్థలాల ధరలు, ఆసుపత్రి బిల్లులు, ఇలా కొద్దిమంది దగ్గరే చాలా ఎక్కువ పోగయ్యే ఏ విషయంలోనైనా సగటు కాదు, మధ్యగతం అడగాలి.

అడ్మిషన్ కౌంటర్ దగ్గర అడగాల్సింది ఇంకోటి ఉంది. ఆ పది మంది ఎంతమందిలో పది మంది? బ్యాచ్‌లో అరవై మంది ఉండి మిగతా యాభై మందికి ఏమీ రాకపోతే, అందరినీ కలిపిన సగటు లక్షా ముప్పై మూడు వేలు. పై చదువులకు పోయినవాళ్లను పక్కన పెట్టమంటారు, సరే, న్యాయమే. వాళ్లెంతమందో కూడా రాసివ్వమనండి.

అపోహ: రాష్ట్రంలో కోట్ల మంది ఉంటే వెయ్యి మందిని అడిగి అందరి మాటా ఎలా చెబుతారు? నన్నైతే ఎవరూ అడగలేదు.

వాస్తవం: అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. గిన్నె పెద్దదైతే పది మెతుకులు పట్టి చూడం. సర్వేలోనూ అంతే: వెయ్యి మందిని నిజంగా లాటరీ పద్ధతిలో ఎంచుకుంటే తప్పు సుమారు 3 శాతం అటూ ఇటూ ఉంటుంది. చిత్తూరు పట్టణానికైనా, రాష్ట్రం మొత్తానికైనా దాదాపు అదే. ఆ తప్పును సగానికి తగ్గించాలంటే నాలుగు వేల మందిని అడగాలి, అందుకే సర్వే చేసేవాళ్లు వెయ్యీ రెండు వేల దగ్గర ఆగుతారు.

అయితే ఆ మెతుకు సామెతలో చెప్పని షరతు ఒకటుంది. అన్నం ఉడికేటప్పుడు తనంతట తానే కలుస్తుంది. మనుషులు కలవరు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపింది, దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డులు పంపిన పేర్లు ఎక్కువగా టెలిఫోన్ పుస్తకాల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసినవి. ఆ కరువు కాలంలో ఫోను, కారు ఉన్నవాళ్లెవరో ఊహించుకోవచ్చు. పైగా ఓపిగ్గా కార్డు నింపి పంపేవాళ్లు వేరే రకం మనుషులు. అంతకన్నా ఎంతో చిన్న శాంపిల్‌తో గాలప్ అనే సర్వే నిపుణుడు రూజ్‌వెల్ట్ గెలుస్తాడని సరిగ్గా చెప్పాడు. మీ వాట్సాప్ గ్రూపులో పెట్టిన పోల్‌కు ఎన్ని వేల ఓట్లు పడినా అది లిటరరీ డైజెస్ట్ బాపతే.

అపోహ: నా చేను ఎండిపోయింది కాబట్టి పంట బీమా రావాలి. రాలేదంటే పంట కోత ప్రయోగంలో మోసం జరిగినట్టే.

వాస్తవం: దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. పల్లెకు పోయిన ప్రతిసారీ ఇదే మాట: “మా చేన్లో శెనక్కాయ మొత్తం మాడిపోయినా ఒక్క రూపాయి రాలేదు సార్, పక్క ఊరోళ్లకు మాత్రం పడింది.” ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ బీమా లెక్క ఆయన చేనుది కాదు, ఊరిది.

పీఎం ఫసల్ బీమా వంటి పథకాల్లో ప్రధాన పంటకు యూనిట్ గ్రామం లేదా పంచాయతీ. గత ఏడేళ్లలో బాగా పండిన ఐదేళ్ల సగటు తీసి, దాన్ని నిర్ణయించిన శాతంతో గుణించి ఒక హామీ దిగుబడి కడతారు. ఈ ఏడాది ఊళ్లో కోత ప్రయోగాల సగటు (అంటే కొన్ని చేలల్లో చిన్న చదరం మేర పంట కోసి తూచిన లెక్క) దానికన్నా తగ్గితే, ఎంత శాతం తగ్గిందో బీమా మొత్తంలో అంత శాతం అందరికీ ఇస్తారు. ఉదాహరణకు హామీ దిగుబడి ఎకరాకు 600 కిలోలు, ప్రయోగాల సగటు 540 అయితే పరిహారం 10 శాతం. చేను పూర్తిగా పోయినవాడికీ 10 శాతమే, బోరు కింద బ్రహ్మాండంగా పండించినవాడికీ 10 శాతమే. సగటు 610 వచ్చిందంటే ఇద్దరికీ సున్నా. వడగళ్లు, నీట మునగడం లాంటి స్థానిక నష్టాలకు పొలం వారీగా చూసే ఏర్పాటు వేరే ఉంది. దానికి 72 గంటల్లోపు సమాచారం ఇవ్వాలి. ఈ సంగతి తెలియక పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇక కోత ఎక్కడ కోస్తారన్నది. ఏ సర్వే నంబరులో కోయాలో ముందే యాదృచ్ఛికంగా ఎంపికవుతుంది. చేనుకు పోయాక నైరుతి మూల నుంచి మొదలుపెట్టి, చేతిలో ఉన్న రాండమ్ నంబర్ల ప్రకారం పొడవునా ఇన్ని అడుగులు, వెడల్పునా ఇన్ని అడుగులు వేసి అక్కడ గుర్తు పెడతారు. చాలా పంటలకు 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు చదరం. ఆ చదరంలో పడింది మాడిన మొక్కలా, పచ్చటి మొక్కలా అన్నది చూడకూడదు. చుట్టూ నిలబడ్డవాళ్లు “ఇంకొంచెం ఆ పక్కకు పోండి సార్” అంటారు. ఎండకు విసిగిన ఉద్యోగి గట్టు పక్కనే కానిచ్చేద్దామనుకుంటాడు. ఆ నంబర్లు ఇద్దరినీ కట్టేయడానికే ఉన్నాయి. మన దేశంలో ఈ పద్ధతికి పునాది వేసినవాళ్లలో గణాంకవేత్తలు మహలనోబిస్, సుఖాత్మే ముఖ్యులు. ఆ మాటకొస్తే మహలనోబిస్ పుట్టినరోజు, జూన్ 29నే మన దేశంలో గణాంక దినోత్సవం.

నన్నడిగితే రైతులు గొడవపడాల్సింది చోటు మీద కాదు, సంఖ్య మీద. ఒక గ్రామంలో ఒక పంటకు కనీసం నాలుగు ప్రయోగాలంటారు. మన వైపు వాన చెరువుకు అటు పడితే ఇటు పడదు. అంత తేడాలున్న నేలలో నాలుగు చదరాల సగటు చాలా ఊగుతుంది. అదే ఊళ్లో వేరే నాలుగు చదరాలు పడి ఉంటే సున్నా బదులు పాతిక శాతం వచ్చి ఉండొచ్చు. ఇది మోసం కాదు, చిన్న శాంపిల్ స్వభావం. ప్రయోగాలు పెంచమని అడగడం న్యాయమైన డిమాండ్. కోత రోజు చేను దగ్గర ఉండి, అడుగులు నంబర్ల ప్రకారమే వేశారా, తూకం ఎంత రాశారు అని చూసుకోవడం అంతకన్నా మేలు.

అపోహ: బస్సుల్లో సగటున 30 మందే ఎక్కుతున్నారని ఎవరైనా చెబితే అది అబద్ధం. నేనెక్కిన ప్రతి బస్సూ కిటకిటలాడుతుంది.

వాస్తవం: ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఒక బస్సులో 10 మంది, ఇంకోదాంట్లో 50 మంది. బస్సుకు సగటు 30. ఇప్పుడు ఆ అరవై మందినీ నిలబెట్టి “మీ బస్సులో ఎంతమంది?” అని అడగండి. యాభై మంది 50 అంటారు, పది మంది 10 అంటారు. ప్రయాణికుల సగటు 43 దాటుతుంది. ఖాళీ బస్సును చూసేవాళ్లే తక్కువ కదా. కొండ మీద రద్దీ కూడా ఇంతే: రోజుకు సగటు ఎంతైనా, రద్దీ రోజున వెళ్లినవాళ్లే ఎక్కువమంది కాబట్టి తిరిగొచ్చాక ఎవరిని అడిగినా “అబ్బో, ఏం జనం” అనే అంటారు.

అపోహ: టెస్టు 95 శాతం కరెక్టంటే, పాజిటివ్ వచ్చినవాడికి జబ్బు ఉండే అవకాశం 95 శాతం.

వాస్తవం: ఉచిత క్యాంపు తర్వాత ఇళ్లలో మొదలయ్యే టెన్షన్‌లో సగం దీనివల్లే. నూటికి ఒకరికి ఉండే జబ్బు అనుకోండి. క్యాంపుకు పదివేల మంది వచ్చారు. జబ్బున్నవాళ్లు 100 మంది, వాళ్లలో 95 మందిని టెస్టు పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లు 9,900 మంది, వాళ్లలో 5 శాతం, అంటే 495 మందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 590. నిజంగా జబ్బున్నది 95 మందికి. నూటికి పదహారు. అందుకే డాక్టరు రెండో పరీక్ష రాస్తారు, ప్రతిసారీ డబ్బు గుంజడానికి కాదు. అదే టెస్టు లక్షణాలున్న రోగికి చేస్తే లెక్క మారిపోతుంది, ఎందుకంటే అలాంటివాళ్లలో జబ్బున్నవాళ్ల వాటా మొదటే ఎక్కువ.

అపోహ: ‘ముప్పు రెండింతలు’ అంటే చాలా ప్రమాదం.

వాస్తవం: ఎంత నుంచి రెండింతలు? 1995లో బ్రిటన్‌లో ఒక రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెండింతలవుతుందని హెచ్చరిక వచ్చింది. ఏడు వేల మందిలో ఒకరికి ఉన్నది ఇద్దరికి అయ్యింది, అంతే. భయపడి మాత్రలు మానేసినవాళ్లెందరో, ఆ మరుసటి ఏడాది గర్భస్రావాలు పెరిగాయి.

టమాటా ధరలదీ ఇదే తంతు. మదనపల్లె మార్కెట్‌లో కిలో 20 నుంచి 80కి పోతే “300 శాతం పెరిగింది”, తిరిగి 20కి వస్తే “75 శాతం తగ్గింది”. శాతం ఎప్పుడూ దేని మీద కట్టారో దాన్ని బట్టే.

అపోహ: వందేళ్లకోసారి వచ్చే వరద వచ్చేసింది, ఇక మన తరానికి భయం లేదు.

వాస్తవం: 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పుడు, స్వర్ణముఖి పొంగినప్పుడు, రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు ఈ మాట చాలాసార్లు విన్నాను. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా అంత వరద వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. వచ్చి వెళ్లిన వరద, వచ్చే ఏడాదికి సెలవు చీటీ రాసివ్వదు. చెరువు కింద ముప్పై ఏళ్ల లోనుతో ఇల్లు కట్టుకుంటే ఆ లోను తీరేలోపు అలాంటి వరద కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం సుమారు 26 శాతం. ఇది కూడా వానలు, చెరువులు, కాలువలు పాత తీరుగానే ఉన్నాయనుకుంటేనే. కాలువల మీద ప్లాట్లు వేశాక ఆ ‘నూటికి ఒకటి’ ఒకటిగా ఉండదు.

అపోహ: వరసగా ముగ్గురు ఆడపిల్లలు, నాలుగో కాన్పు మగబిడ్డే.

వాస్తవం: నాలుగో కాన్పుకు మొదటి మూడూ గుర్తుండవు. ఎన్నో కాన్పైనా దాదాపు సగానికి సగమే.

అపోహ: చిత్తూరు జిల్లా జనాభా తగ్గిపోయింది.

వాస్తవం: 2011 జనగణనలో 41 లక్షల 74 వేలు. అది 66 మండలాల పాత జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కొంత తిరుపతి జిల్లాకు పోయింది, మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. తిరుపతి జిల్లాలోకి నెల్లూరు వైపు నుంచి సూళ్లూరుపేట లాంటివి వచ్చి చేరాయి. ఆ తేదీకి అటూ ఇటూ జిల్లా అంకెలు పక్కపక్కన పెట్టి గ్రాఫు గీసిన ప్రాజెక్టు రిపోర్టులు ఇప్పటికీ వస్తున్నాయి. పోల్చాలంటే మండలాల స్థాయికి దిగి పాత హద్దులతో మళ్లీ కూడుకోవాల్సిందే.

అపోహ: పి-వాల్యూ 0.05 కన్నా తక్కువ వస్తే మందు పనిచేసినట్టు రుజువైంది. ఎక్కువ వస్తే థీసిస్ గోవిందా.

వాస్తవం: “సార్, ఎలాగైనా సిగ్నిఫికెంట్ రప్పించండి” అని అడిగే పీజీ పిల్లలను చూస్తే జాలేస్తుంది. వాళ్ల తప్పు కాదు, వాళ్లకలా నేర్పారు. మందుకు అసలు ఏ ప్రభావమూ లేదనుకుందాం. అప్పుడు కూడా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనిపించే అవకాశం ఎంత? అదీ పి-వాల్యూ. మందు పనిచేయకపోయే అవకాశం కాదు. ఆ 0.05 కూడా ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, 1920లలో ఫిషర్ అనే గణాంకవేత్త సౌకర్యం కోసం వాడిన గీత. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ కూడా ఈ ఒక్క గీత మీద ఆధారపడి తీర్మానాలు చేయొద్దని ప్రకటన ఇచ్చింది.

ఏ ప్రభావమూ లేని మందునే తీసుకుని, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై కొలతల మీద పరీక్షిస్తే, ఒక్కటైనా 0.05 కిందికి వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్నే రాసి మిగతా పంతొమ్మిదీ దాచేస్తే, మళ్లీ ‘ఎన్నింటిలో?’ అన్నది మాయమైనట్టే. రోగులు వేలల్లో ఉంటే బీపీ ఒక్క పాయింటు తగ్గినా పి-వాల్యూ అద్భుతంగా వస్తుంది, రోగికి ఒరిగేది మాత్రం పెద్దగా ఉండదు. తేడా ఎంత, దానికి అటూ ఇటూ హద్దులెంత అన్నవి ముందు రాసి, పి-వాల్యూ ఆ తర్వాత రాయండి.

ప్రయోగం అయిపోయాక గణాంకవేత్త దగ్గరికి రావడమంటే పోస్ట్‌మార్టం చేయమనడమేనని 1938లో భారత గణాంక మహాసభలో ఫిషరే అన్నాడు. సినాప్సిస్, అంటే థీసిస్ ప్రణాళిక, రాసేటప్పుడే రండి. వచ్చేటప్పుడు నాలుగు సంగతులు తెలుసుకుని రండి: మీరు ముఖ్యంగా కొలిచేది ఏది, ఎంత తేడా వస్తే మీ గైడు వైద్యం మారుస్తారు, ఆ కొలత రోగికీ రోగికీ మామూలుగా ఎంత మారుతుంది, మీ ఓపీకి ఏడాదిలో అలాంటి రోగులు ఎంతమంది వస్తారు. నాలుగో దానికి సమాధానం రిజిస్టరు చూసి చెప్పండి. గుర్తున్నంతవరకు చెప్పే అంకె దాదాపు ప్రతిసారీ ఎక్కువే ఉంటుంది.