పాత కార్ల ట్యూబుల్లో సీలెంటు: అపోహలు, వాస్తవాలు

"వారానికోసారి గాలి దిగిపోతోంది, ఆ సీలెంటు ఏదో పోసెయ్యండి" అంటూ మా షెడ్డుకి వచ్చేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. అంబాసిడర్లు, పద్మినీలు, ఎప్పుడైనా ఒక విల్లీస్ జీపు. సీలెంటు అంటే వాల్వు గుండా ట్యూబులోకి పోసే, చిల్లుని లోపలి నుంచి పూడ్చే ద్రవం. నేను ఆ డబ్బా జోలికి వెంటనే వెళ్ళను. ముందు వాల్వు మూత తీసి, ఉమ్ముతో తడిపిన వేలు దాని మీద పెడతాను. బుడగ లేచిందా, వాల్వు పిన్ను మారిస్తే సరిపోతుంది. సీలెంటు డబ్బా ఖరీదు ముందు అది చిల్లర ఖర్చు.

అపోహ: లీకు ఎక్కడున్నా సీలెంటు మూసేస్తుంది.

ఆ ద్రవంలో సన్నటి పీచు, రబ్బరు రేణువుల లాంటివి కలిసి ఉంటాయి. చక్రం తిరిగేటప్పుడు ఇదంతా బయటివైపుకి తోసుకుపోయి, రోడ్డుకి ఆనే భాగం లోపల పూతలా పరుచుకుంటుంది. అక్కడ మేకు దిగి చిల్లు పడితే, బయటికి పోయే గాలే ఆ పీచుని లాక్కెళ్ళి చిల్లులో ఇరికిస్తుంది. కిటుకంతా ఇంతే. కానీ పాత కార్లలో లీకు చాలాసార్లు అక్కడ ఉండదు. వాల్వు మొదట్లో పగులు, కొలత సరిపోని ట్యూబు మడతపడిన చోట చీలిక, రిమ్ము వైపు ఒరిపిడి. సీలెంటు చేరేది ఒక చోటికి, లీకు ఉండేది ఇంకో చోట.

ఒక అంబాసిడర్ ఆయన రెండు చక్రాల్లో చెరో డబ్బా పోసుకుని వచ్చారు. అయినా ఆదివారం బండి తీసేసరికి టైర్లు నేలకి అంటుకునే ఉంటున్నాయట. విప్పి చూస్తే రిమ్ము లోపల తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. అవి ట్యూబుని గీరుతున్నాయి. వైరు బ్రష్షుతో రుద్ది, రెడాక్సైడు (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రంగు) కొట్టి, ఆరాక రిమ్ముకి కొత్త టేపు చుట్టాం. ట్యూబుల్ని మాత్రం కాపాడలేకపోయాం. చిల్లు చుట్టూ జిగురు జిగురుగా సీలెంటు కారుతుంటే ప్యాచ్ అంటించే సొల్యూషన్ పట్టదు, ప్యాచ్ నిలవదు. అరగంట తుడిచి, విసుగొచ్చి కొత్త ట్యూబులే వేశాం. పోయకుండా తెచ్చి ఉంటే చెరో ప్యాచ్‌తో తేలిపోయేది.

అపోహ: మా కొత్త కారు ట్యూబ్‌లెస్ టైర్లలో బాగా పనిచేసింది, ఇందులోనూ చేస్తుంది.

ట్యూబ్‌లెస్ టైరులో మేకుని మందపాటి రబ్బరు గట్టిగా పట్టి ఉంచుతుంది. చిల్లు పెద్దగా కదలదు. ట్యూబు అలా కాదు. అది సాగిన పల్చటి రబ్బరు. టైరులో ఇరుక్కున్న మేకు చక్రం తిరిగినకొద్దీ దాన్ని గెలుకుతూ చిల్లుని చీలికగా మారుస్తుంది. చీలికని ఏ సీలెంటూ ఆపలేదు. ఆ కాస్త మేకు చిల్లుకైనా, ట్యూబులకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉంటేనే తీసుకోండి.

అపోహ: ముందుజాగ్రత్తగా పోసి ఉంచితే మంచిదే.

రోజూ తిరిగే బండికైతే ఆలోచించవచ్చు. మన బండ్లు నెలలో ఇరవై రోజులు కవరు కిందే ఉంటాయి. ద్రవమంతా అడుగున చేరుతుంది, బండి తీయగానే స్టీరింగు వణుకుతుంది. "బ్యాలెన్సింగ్ పోయిందేమో" అని టెన్షన్ పడతారు. కొన్నాళ్ళకి అది ఎండి ముద్ద కడుతుంది, వాల్వు పిన్ను మూసుకుపోతుంది. ఇప్పటికే పోసి ఉంటే, గాలి చూసేటప్పుడు వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, కాసేపు ఆగి అప్పుడు గేజి పెట్టండి.

అపోహ: గాలి తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే.

సహజ రబ్బరు ట్యూబు చిల్లు లేకపోయినా గాలి మెల్లగా వదులుతుంది. బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరు 1937లో వచ్చింది. దానితో చేసిన ట్యూబులు గాలిని చాలా మేలుగా నిలుపుతాయి. వాటిలోనూ కొంత తగ్గడం మామూలే. నీళ్ళ తొట్టిలో ముంచినా బుడగ రాకపోతే ట్యూబుని తిట్టకండి. ఇంకో మాట, కొత్త టైరు లోపల అంటించి ఉండే కాగితపు స్టిక్కర్లు పీకేసి, పౌడరు చల్లాకే ట్యూబు పెట్టించండి. ఆ స్టిక్కరు అంచు ఒరిసి చిల్లుపడ్డ ట్యూబులు నేను చాలానే చూశాను.

ఫోర్డ్ మోడల్-టి లాంటి క్లించర్ టైర్ల (అంచు రిమ్ము వంపులో ఇరుక్కునే పాతకాలపు టైర్ల) బండి ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ టైరు రిమ్ములో నిలిచేదే గాలి ఒత్తిడి వల్ల. మూడున్నర అంగుళాల టైరుకి 55-60 పీఎస్‌ఐ ఉండాలి. "సీలెంటు ఉందిగా" అని సగం గాలితో నడిపితే టైరు రిమ్ములో జారి వాల్వుని తెంపేస్తుంది.

మరి నేను అసలు పోయనా? పోస్తాను. ర్యాలీ మధ్యలో మేకు దిగి, స్టెప్నీ కూడా పనికిరాకపోతే, మేకు పీకి, సీలెంటు పోసి, గాలి కొట్టి, నెమ్మదిగా ఇంటికి పంపిస్తాను. ఇంటికి వెళ్ళగానే విప్పిస్తామని మాట తీసుకుని మరీ. ఆ చక్రం మీద సుద్దముక్కతో గుర్తు పెడతాను. లేకపోతే పిన్ను తీసిన పంక్చరు కుర్రాడి మొహం మీదికి పచ్చటి జిగురు చిమ్ముతుంది. ఒకసారి అది నా చొక్కా మీదే పడింది.