నోట మాట రాని క్షణానికి ఎన్ని మాటలో

షేక్‌స్పియర్ 1599 ప్రాంతంలో రాసిన ఐదో హెన్రీ నాటకంలో ఒక సీను ఉంది. ఫ్లూయెలెన్ అనే వేల్స్ సైనికాధికారి, తనను ఎగతాళి చేసిన పిస్టల్ అనే సైనికుణ్ని దుడ్డుకర్రతో బాదుతుంటాడు. పక్కనే ఉన్న గవర్ అడ్డుపడి, "ఇక చాలు కెప్టెన్, వీణ్ని ఆస్టొనిష్ చేసేశారు" అంటాడు. ఇవాళ్టి ఇంగ్లీషు అలవాటైన చెవికి ఇది వింతగా ఉంటుంది. కర్రతో కొడితే నొప్పి పుడుతుంది గానీ ఆశ్చర్యం ఎక్కడ పుడుతుంది? కానీ ఆ రోజుల్లో ఆస్టొనిష్ అనే మాటకు "దిమ్మ తిరిగేలా కొట్టడం" అనే అర్థం ఇంకా వాడుకలోనే ఉంది.

దాని వేరు ఫ్రెంచి మీదుగా లాటిన్‌లోకి పోతుంది. లాటిన్‌లో టొనారే అంటే ఉరమడం. పక్కనే పిడుగు పడితే మనిషి ఎలా నిలబడిపోతాడో, ఆ స్థితికి పెట్టిన పేరు ఇంగ్లీషులో మూడు రూపాల్లో మిగిలింది: ఆస్టొనిష్, అస్టౌండ్, స్టన్. అమేజ్ అనే మాట వేరే కుటుంబానిది, పాత ఇంగ్లీషుది. మనిషిని మతి పోయేలా చేయడం దాని మొదటి అర్థం. దారి దొరకని చిక్కుదోవకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన మేజ్ అనే పేరు దీని తోబుట్టువే. ఇక అందరికీ తెలిసిన సర్‌ప్రైజ్ సంగతి. ఫ్రెంచిలో దాని అసలు అర్థం మీదపడి పట్టుకోవడం. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో అది యుద్ధంలో వాడే మాట, అవతలివాడు సిద్ధంగా లేనప్పుడు చేసే దాడి. బర్త్‌డే కేకు, బెలూన్లు దాని పక్కన చేరింది చాలా తర్వాత.

ఇదంతా ఇంగ్లీషువాళ్ల ప్రత్యేకత అనుకోవడానికి లేదు. ప్రాచీన గ్రీకులో ఆశ్చర్యానికి ఒక ముఖ్యమైన మాట ఎక్‌ప్లేక్సిస్. "కొట్టడం" అనే ధాతువుకు "బయటికి" అనే ఉపసర్గ చేరిస్తే వచ్చింది. అంటే ఒక్క దెబ్బతో మనిషిని తనలోంచి బయటికి తోసేయడం. అదే ధాతువు మన ఆసుపత్రుల్లో రోజూ వినిపిస్తుంది. పక్షవాతానికి డాక్టర్లు రాసే హెమిప్లీజియా, పారాప్లీజియా అనే పేర్ల చివర ఉన్నది ఆ దెబ్బే. మెదడులో రక్తనాళం పూడుకుపోయినా చిట్లినా వచ్చే జబ్బును పూర్వం అపోప్లెక్సీ అనేవారు. అదీ ఆ ధాతువే. ఇప్పుడు మనం స్ట్రోక్ అంటున్నాం. స్ట్రోక్ అంటే ఇంగ్లీషులో దెబ్బ. కాలూ చెయ్యీ పడిపోవడానికీ, ఆశ్చర్యంతో మాట పడిపోవడానికీ గ్రీకులు ఒకే చోటి నుంచి పేర్లు తీసుకున్నారు.

ఎక్‌ప్లేక్సిస్ ఎంత భయంకరంగా ఉండేదో చరిత్రకారుడు తుసిడిడీస్ చూపిస్తాడు. క్రీ.పూ. 429 చలికాలంలో స్పార్టా పక్షం నౌకలు ఏథెన్స్‌కు దగ్గర్లోని సలామిస్ ద్వీపం మీద హఠాత్తుగా పడ్డాయి. ప్రమాదాన్ని తెలిపే మంటలు వెలిగాయి. శత్రువు అప్పుడే రేవులోకి వచ్చేశాడని నగరంలోని జనం, సలామిస్ పడిపోయింది, ఇక తమ మీదికే వస్తున్నారని రేవులోని జనం గాభరాపడ్డారు. ఆ రాత్రి ఏథెన్స్‌ను పట్టిన గాభరాకు ఆయన వాడిన మాట ఇదే. ఈనాటి గ్రీకులో అదే మాట ఎక్‌ప్లిక్సిగా మారి, చెప్పకుండా ఏర్పాటు చేసే పార్టీకి పేరైంది. సర్‌ప్రైజ్ ఇంగ్లీషులో నడిచిన దారిలోనే ఇదీ నడిచింది.

దెబ్బ, పిడుగు, పట్టు. ఇవి కవులు అలంకారం కోసం కల్పించినవని నేను అనుకోను. శరీరంలో నిజంగా జరిగేదాన్ని దగ్గరగా గమనించిన జనం పెట్టుకున్న పేర్లని నా నమ్మకం. గత పదిహేనేళ్లలో నరాల శాస్త్రం బయటపెట్టిన విషయాలు ఈ నమ్మకానికి బలం ఇస్తున్నాయి.

నడుస్తున్నవాళ్లం ఉన్నట్టుండి ఆగాలంటే మెదడులో దానికంటూ ఒక ఏర్పాటు ఉంది. అందులో ముఖ్యమైనది మెదడు లోతున ఉండే సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న ముద్ద. యాన్ వెసెల్, ఆడమ్ ఆరన్ అనే శాస్త్రవేత్తలు 2013లో ఒక సంగతి చూపించారు. ఎదురుచూడని శబ్దం వినబడితే, ఎవరూ ఆగమని చెప్పకపోయినా ఈ ఆపే ఏర్పాటే పనిచేస్తుంది. ఒళ్లంతటా కదలికకు ఒక్క లిప్త పాటు కళ్లెం పడుతుంది. 2016లో వాళ్లు మరో అడుగు వేశారు. కొన్ని అక్షరాలను గుర్తుపెట్టుకోమని చెప్పి, మధ్యలో అలవాటైన శబ్దానికి బదులు ఊహించని శబ్దం వినిపించారు. ఆపే ఏర్పాటు ఎంత గట్టిగా స్పందిస్తే, మనసులో పట్టి ఉంచుకున్న అక్షరాలు అంతగా జారిపోయాయి. పార్కిన్సన్స్ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టుకున్న రోగుల్లో ఆ ముద్ద స్పందనను నేరుగా కొలవగలిగారు కూడా. అంటే ఆశ్చర్యం కాళ్లూ చేతులతో పాటు ఆలోచననూ ఆపుతుంది. "ఏం చెప్పబోతున్నానో మర్చిపోయాను" అని మనం అనే క్షణం బహుశా అదే.

ఈ ఆగిపోవడాన్ని భాషలు ఎంత ఓపిగ్గా వర్ణించాయో చూడండి. ఈనాటి గ్రీకులు "ఎముకైపోయాను" అంటారు, మనం కొయ్యబారిపోయాను అంటాం. వాళ్లు ఎమ్‌వ్రోండిటోస్ అయ్యానంటారు, అంటే ఉరుము తాకినవాణ్నయ్యానని. ఇది ఇంగ్లీషు ఆస్టొనిష్‌కు అచ్చమైన జోడీ, కానీ ఒకదాన్నుంచి ఒకటి తీసుకున్నది కాదు. రెండు జాతులూ ఎవరికి వాళ్లే ఉరుముకు ఉలిక్కిపడ్డాయి. గ్రీకులో ఆనవ్దోస్ అనే మాట కూడా ఉంది. "లేదు" అనే ఉపసర్గ, దాని పక్కన "గొంతు, పలుకు" అనే మాట. మన అవాక్కు కూడా అలా కట్టినదే, "వాక్కు లేని" స్థితి. ఇక నోరు వెళ్లబెట్టడం ముగ్గురికీ ఉంది. ముక్కు మీద వేలేసుకోవడం మాత్రం మనది.

అయితే ఆశ్చర్యం అంతా దెబ్బే అయితే, మనిషి దానికోసం వెతుక్కుంటూ ఎందుకు వెళ్తాడు? ఈ ప్రశ్నకు గ్రీకులో రెండో మాట ఉంది: థౌమా. పండితులు దీన్ని చూపుకు సంబంధించిన మాటల కుటుంబంతో కలుపుతారు. థియేటర్ అనే మాట వచ్చింది కూడా ఆ ఇంటి నుంచే. ప్రాచీన గ్రీకు మహాకవి హోమర్ ఒక వస్తువును వర్ణించి చివర్లో "చూడడానికి థౌమా" అని ముగిస్తుంటాడు. ఇలియడ్ 18వ భాగంలో దేవతల కమ్మరి హెఫైస్టస్ ఇరవై ముక్కాలి పీటలు చేస్తాడు. వాటికి బంగారు చక్రాలు. అవి తమంతట తామే దేవతల సభకు వెళ్లి, తిరిగి ఇంటికి వస్తాయి. అక్కడ వస్తుంది ఈ మాట. మరమనుషుల గురించి మొట్టమొదట కలలుగన్న చోట్లలో ఇదొకటి, దాన్ని చూసి కలిగేది థౌమా. ఇక్కడ ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు. కళ్లు తిప్పుకోలేకపోవడమే ఉంది.

ప్లేటో థియేటెటస్ అనే సంభాషణలో దీన్ని ఆలోచనకే పునాది చేశాడు. సోక్రటీస్ ఆ పేరుగల కుర్రవాడి ముందు పాచికల చిక్కు ఒకటి పెడతాడు. ఆరు పాచికలున్నాయి. నాలుగింటి పక్కన పెడితే అవి ఎక్కువ, పన్నెండింటి పక్కన పెడితే తక్కువ. పాచికలు పెరగలేదు, తరగలేదు. మరి ఎక్కువ తక్కువ ఎలా అయింది? ఇలాంటివి తలుచుకుంటే ఒక్కోసారి తల తిరుగుతుందని కుర్రవాడు ఒప్పుకుంటాడు. ఆ ఆశ్చర్యమే జ్ఞానాన్ని ప్రేమించేవాడి లక్షణం, తత్త్వానికి వేరే మొదలు లేదు అంటాడు సోక్రటీస్. దిమ్మ తిరగడం, చూపు నిలవడం ఇక్కడ కలుసుకున్నాయి.

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ దీనికి ఇంకో కొస చేర్చాడు, నన్నడిగితే అదే ఎక్కువ విలువైనది. చతురస్రం భుజాన్నీ కర్ణాన్నీ ఎంత చిన్న కొలతతో కొలిచినా రెండూ శేషం లేకుండా కలిసిరావు అని వింటే తెలియనివాడు ఆశ్చర్యపోతాడు. కానీ జామెట్రీ నేర్చినవాడు ఆశ్చర్యపోవాలంటే అవి కలిసిరావాలి! ఒకే విషయం, మనిషి మారగానే ఆశ్చర్యం తిరగబడింది. అంటే ఆశ్చర్యం వస్తువులో లేదు, మనం ఎదురుచూసినదానికీ ఎదురైనదానికీ మధ్య ఉన్న ఎడంలో ఉంది. మెదడు ప్రతి క్షణం రాబోయేదాన్ని అంచనా వేస్తుంటుందనీ, అంచనా తప్పినప్పుడే ఎక్కువ నేర్చుకుంటుందనీ ఇవాళ నరాల శాస్త్రం చెప్పేది ఈ ఆలోచనకు బాగా దగ్గరగా ఉంది.

సంస్కృతం నుంచి మనకు వచ్చిన విస్మయం ఈ రెండో గుంపుకే చెందుతుంది. దాని ధాతువు స్మి, అంటే నవ్వడం. స్మితం, సస్మితం అందులోవే. ఇంగ్లీషు స్మైల్ దీని చుట్టమే. లాటిన్‌లో "అద్భుతమైన" అనే అర్థంలో ఉన్న మీరుస్‌ను కూడా భాషాచరిత్రకారులు ఈ వేరుకే చేరుస్తారు. మిరకిల్, అడ్మైర్, చివరికి అద్దానికి వాడే మిర్రర్ కూడా అక్కడి నుంచి వచ్చినవే. గ్రీకులో చిరునవ్వుకు ఉన్న మెయిడియావో ఇంకో కొమ్మ. కాబట్టి వేల ఏళ్ల కిందట ఈ భాషలు విడిపోకముందే, అనుకోనిది చూసి మొహం విప్పారడానికి ఒక మాట ఉండేదన్నమాట. భరతుడి నాట్యశాస్త్రం విస్మయాన్ని అద్భుత రసానికి స్థాయీభావం చేసి, భయాన్ని భయానక రసానికి విడిగా ఇచ్చింది. గ్రీకు ఎక్‌ప్లేక్సిస్ కలిపేసినవాటిని ఇక్కడ విడదీశారు.

కలిసి ఉండడమూ సహజమే. 1971లో పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసెన్ న్యూగినీ కొండల్లోని ఫోరె జనానికి కథలు చెప్పి, ఆ కథకు సరిపోయే ముఖాన్ని ఫొటోల్లో చూపించమన్నారు. సంతోషం, కోపం, దుఃఖం పోల్చుకోగలిగినవాళ్లు, భయపు ముఖం పక్కన ఆశ్చర్యపు ముఖం పెడితే మాత్రం తేడా పట్టలేకపోయారు.

ఇంగ్లీషు, గ్రీకు ఆశ్చర్యాలు ఎదురెదురుగా నిలబడిన చోటు ఒకటుంది, బైబిలు అనువాదం. మార్కు సువార్త గ్రీకులో ఆశ్చర్యానికి ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. యేసు బోధ విన్నవాళ్లు మొదటి అధ్యాయంలో "దెబ్బ తిన్నారు", కాసేపటికే ఇంకో మాటతో "స్తంభించారు", ఐదో అధ్యాయంలో ఒకచోట జనం థౌమా పొందారు. చనిపోయిందనుకున్న బాలిక లేచి నడిచినప్పుడు గొప్ప ఎక్‌స్టసిస్‌లో పడ్డారు, అంటే తమలోంచి తాము బయటికి వచ్చి నిలబడ్డారు. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు అనువాదం వీటికి ఆస్టొనిష్, అమేజ్, మార్వెల్ అనే మాటలు పంచింది. చివరిదానికి మళ్లీ ఆస్టొనిష్‌నే రెండుసార్లు వాడి బరువు పెంచింది. తెలుగు బైబిల్లో మొదటిచోట "ఆశ్చర్యపడిరి", రెండోచోట "విస్మయమొంది" అని ఉంటుంది. ఆ రెండోచోట జనం నోట వెంటనే వచ్చే మాట "ఇదేమిటో?" రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్, కొత్త శబ్దం వినగానే కుక్క చెవులు నిక్కబొడుచుకుని అటు తిరగడాన్ని గమనించి, దానికి "ఇదేమిటి?" రిఫ్లెక్స్ అనే పేరు పెట్టాడు.

ఇప్పటిదాకా చూసినవి ఆశ్చర్యం గురించి చెప్పే మాటలు. ఆశ్చర్యంలో నోట వచ్చే మాటలు వేరు. డార్విన్ 1867లో ప్రపంచం నలుమూలలకూ ఒక ప్రశ్నల పట్టిక పంపాడు. అందులో మొట్టమొదటి ప్రశ్న ఆశ్చర్యం గురించే: కళ్లూ నోరూ పెద్దవి చేసి, కనుబొమలు ఎత్తుతారా అని. ఎత్తుతారనే జవాబులొచ్చాయి. కానీ 2006లో జర్మనీకి చెందిన రైనర్ రైజెన్‌త్సైన్, ఆయన బృందం ప్రయోగశాలలో జనాన్ని నిజంగానే ఆశ్చర్యపరిచి వీడియో తీస్తే, ఆ ముఖం నాలుగో వంతు మందికి మించి కనిపించలేదు. కనిపించిన చోట కూడా చాలాసార్లు కనుబొమలు లేవడం వరకే. అదే ఏడాది స్యూ విల్కిన్సన్, సీలియా కిట్‌జింగర్ ఇంగ్లీషు సంభాషణల రికార్డింగులు పరిశీలించి, "వావ్", "ఓ మై గాడ్" లాంటివి తన్నుకొచ్చే కేకలు కావనీ, అవతలివాళ్లు కథను అక్కడిదాకా నడిపించాక, సరైన చోట మనం అందించే జవాబులనీ చూపించారు. ముఖం చెప్పని ఆశ్చర్యాన్ని గొంతు చెబుతోంది, ఎదుటివాడి కోసం చెబుతోంది.

అలాంటప్పుడు పెద్దవాళ్లను పిలవడం ఎక్కడైనా ఒకటే. ప్రాచీన గ్రీకు హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్ నాటకాల్లో పాత్రలు ఉలిక్కిపడితే "హెరాక్లేస్!" అంటాయి. కీడును తోలేవాడని ఆ వీరుడికి బిరుదు. ఇప్పటి గ్రీకులు "పనాయియా ము" అని మేరీమాతను పిలుస్తారు, మనం అమ్మో, నాయనో, దేవుడో అన్నట్టు. ఇంగ్లీషువాళ్లు దేవుడి పేరు ఊరికే ఎత్తకూడదని భయపడి గాష్, గాలీ, జీ అని దాన్ని వంకర తిప్పుకున్నారు. మన పిల్లలు చాటింగులో కొట్టే ఓఎంజీ ఇంటర్నెట్టుకు చాలా ముందుది. 1917 సెప్టెంబరులో రిటైరైన నౌకాదళాధిపతి జాన్ ఫిషర్, విన్‌స్టన్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఆ మూడక్షరాలు వేసి, పక్కనే అర్థం కూడా రాశాడు.

ఎంత బలమైన మాటైనా వాడేకొద్దీ అరుగుతుంది, ఆశ్చర్యపు మాటలు మరీ త్వరగా అరుగుతాయి. నిన్న ఊహించినది ఇవాళ ఆశ్చర్యపరచదు గదా, మాట సంగతీ అంతే. భయపెట్టేది అనే అర్థంలో పుట్టిన టెరిఫిక్ ఇప్పుడు "చాలా బాగుంది". మన సినిమా అభిమానులు నచ్చిన సీనును "అరాచకం" అనడం కూడా ఇదే దారి. గ్రీకులో డేయ్‌నోస్ అనే మాట భయంకరం నుంచి అద్భుతం దాకా, అక్కణ్నించి నేర్పరి దాకా పాకింది. సోఫొక్లిస్ ఆంటిగొనీ నాటకంలో "డేయ్‌నోస్ అయినవి ఎన్నో, మనిషిని మించినది లేదు" అని బృందం పాడుతుంది. అక్కడ మనిషిని మెచ్చుకుంటున్నారా, చూసి భయపడుతున్నారా అని అనువాదకులు ఇప్పటికీ తర్జనభర్జన పడతారు. 1842లో రిచర్డ్ ఓవెన్ శిలాజాల్లో దొరికిన పెద్ద ప్రాణులకు డైనోసార్ అని పేరు పెట్టినప్పుడు తీసుకున్నది ఈ మాటనే. "భయం పుట్టించేంత గొప్పది" అని ఆయన చెప్పుకున్న అర్థం. మన పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లు దాన్ని రాక్షసబల్లి అన్నారు. ఆ పేరులో భయం ఉంది, ఆకారమూ ఉంది.