పెద్దవారిలో ఏడీహెచ్‌డీ: టిక్కులు లెక్కపెడితే తేలేది కాదు

అపోహ: ప్రశ్నావళిలో పాజిటివ్ వస్తే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చంచలత్వం ఉండే రుగ్మత) ఉన్నట్టే.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున రూపొందిన ఆరు ప్రశ్నల స్క్రీనర్‌లో (తొలి వడపోత ప్రశ్నావళిలో) నాలుగు సమాధానాలు నిర్ణీత స్థాయి దాటితే, ఇంకా లోతుగా పరిశీలించాలని మాత్రమే అర్థం. ఉదాహరణకు ఒక పరీక్ష, రుగ్మత ఉన్నవారిలో 80 శాతం మందిని పట్టుకుంటుందనీ, లేనివారిలో 10 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపుతుందనీ అనుకుందాం. వెయ్యిమందిలో 25 మందికి రుగ్మత ఉన్న ఊళ్లో దాన్ని పెడితే దాదాపు 118 మందికి పాజిటివ్ వస్తుంది. వారిలో నిజంగా రుగ్మత ఉన్నది 20 మందికే. నలుగురిలో ఒకరికి రుగ్మత ఉండే ప్రత్యేక క్లినిక్‌లో వెయ్యిమందికి అదే పరీక్ష పెడితే, పాజిటివ్ వచ్చిన 275 మందిలో 200 మందికి ఉంటుంది. అందుకే కాగితం చూడకముందే, ఎదుటి మనిషి ఏ పరిస్థితుల్లోంచి వచ్చారో అడగాలి.

అపోహ: మందు వేసుకుంటే ఏకాగ్రత కుదిరింది కాబట్టి రుగ్మత ఖాయం.

వాస్తవం: ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రుగ్మత లేనివారిలోనూ చురుకుదనం పెంచగలదు. మెదడు స్కాన్‌తోనూ నిర్ధారణ కాదు.

అపోహ: ఇప్పుడున్న మతిమరుపు, చంచలత్వం చాలు, చిన్ననాటి సంగతులు అనవసరం.

వాస్తవం: 2013 నాటి డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికా ప్రామాణిక గ్రంథం) ప్రకారం 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి, అవి ఇల్లు, పని వంటి కనీసం రెండు చోట్ల ఉండాలి. "పలక పట్టుకెళ్లి ఉత్త చేతులతో వచ్చేవాడండి" అని ఒక తల్లి చెప్పే మాట, రుగ్మత ఉండొచ్చన్న డాక్టరుగా నా అంచనాను చాలా పెంచుతుంది. అయితే అల్లరి చేయని ఆడపిల్లల పరధ్యానం ఇంట్లోవారికి గుర్తుండకపోవచ్చు. ఎవరూ చెప్పలేదు కాబట్టి లేదనుకోవడమూ తప్పే.

భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక రొయ్యల రైతు ప్రశ్నావళి నిండా టిక్కులే. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుందేమోనని, నీటిలోకి గాలి పంపే ఏరియేటర్ల చప్పుడు ఆగకుండా వింటూ ఆయన నెలల తరబడి చెరువు గట్టు మీదే కునుకు తీస్తున్నారు. రొయ్యలు పట్టి అమ్మేశాక ఎలా ఉంటారని అడిగితే, "శుభ్రంగా ఉంటానండి, లెక్కలన్నీ నేనే చూసుకుంటాను" అన్నారు. బడిరోజుల్లోనూ ఇబ్బంది లేదు. సంభావ్యత తక్కువని రాసి, థైరాయిడ్ పరీక్షకు పంపి, చెరువు ఖాళీ అయ్యాక రెండు వారాలు ఇంట్లో నిద్రపోయి మళ్లీ రమ్మన్నాను.