చైనా లెక్కలూ, కరెంటు మీటరూ

చైనా తన వృద్ధి రేటు ప్రకటించిన ప్రతిసారీ ఆర్థికవేత్తలు పక్కన ఇంకో నాలుగు లెక్కలు పెట్టుకుని కూర్చుంటారు. ఈ అనుమానం నిన్నమొన్నటిది కాదు.

1958 ఆగస్టులో అక్కడి పత్రికలో ఓ ఫొటో వచ్చింది. కోతకొచ్చిన వరి మీద పిల్లలు నిలబడి ఉన్నారు. పైరు అంత దట్టంగా పండిందట! వరి వేసిన రైతెవరైనా చూడగానే నవ్వుతాడు. వేరే మళ్లలోంచి పీకి తెచ్చి ఒకే మడిలో కుక్కారు. ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచేయాలని మావో మొదలుపెట్టిన 'మహా ముందడుగు' రోజులవి. పైవాళ్లు టార్గెట్ పెంచేకొద్దీ కిందివాళ్లు దిగుబడి పెంచి రాశారు. ఆ ఏడాది తిండిగింజలు 37.5 కోట్ల టన్నులన్నారు, తర్వాత తేలింది సుమారు 20 కోట్లే. ప్రభుత్వం మాత్రం కాగితం మీది పంటను బట్టే లెవీ లాక్కుంది. ఆ తర్వాతి కరువులో కోట్లమంది చనిపోయారు.

1978 సంస్కరణల తర్వాత ఆకలి తగ్గింది కానీ పెంచి రాసే అలవాటు పోలేదు. అధికారి ప్రమోషన్ తన ప్రాంతపు వృద్ధి రేటుతో ముడిపడింది మరి. 2007లో లియావోనింగ్ ప్రావిన్స్ పార్టీ కార్యదర్శి లీ కెచియాంగ్ అమెరికా రాయబారితో భోజనం చేస్తూ, స్థానిక జీడీపీ లెక్కలు మనుషులు తయారుచేసేవేనని అన్నాడు. తాను చూసేవి మూడేనట: కరెంటు వాడకం, రైళ్లలో వెళ్లే సరుకు, బ్యాంకు రుణాలు. 2010లో వికీలీక్స్ వల్ల ఈ మాట బయటికొచ్చింది. 2013లో ఆయనే ప్రధాని అయ్యాడు.

అదే లియావోనింగ్, 2011-14 మధ్య తన ప్రభుత్వ ఆదాయ లెక్కలు వండినవేనని 2017లో ఒప్పుకుంది. 2019 నుంచి ప్రావిన్సుల జీడీపీని జాతీయ గణాంక సంస్థే కడుతోంది. ఇక కరెంటు మీటరు కూడా పాతబడింది. జీడీపీలో సేవల వాటా సగం దాటాక వ్యాగన్లు లెక్కపెట్టి ఏం తెలుస్తుంది?

ఇదంతా మనకెందుకంటే, బల్క్ డ్రగ్స్ (మందుల తయారీకి కావాల్సిన ముడిపదార్థాలు) కోసం చైనా మీద ఆధారపడటం తగ్గించాలని 2020లో మన కేంద్రం 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహకాలు ప్రకటించింది. కాకినాడ పెన్సిలిన్-జి ప్లాంటు వచ్చింది ఆ పథకం కిందే. చైనా ఫ్యాక్టరీలు ఎంత తయారుచేయగలవో, ధర ఎంతవరకు దించగలవో సరిగ్గా అంచనా వేయకపోతే ఇలాంటి పెట్టుబడి మునిగిపోతుంది.

2023 జూన్‌లో చైనా యువతలో నిరుద్యోగం 21.3 శాతం. ఆగస్టులో ఆ అంకె ఇవ్వడమే ఆపేశారు. 2024 జనవరిలో చదువుకుంటున్నవాళ్లను తీసేసి మళ్లీ ఇచ్చారు: 14.9 శాతం. పద్ధతిగా అందులో తప్పేం లేదు. కానీ పాత అంకెతో పోల్చి చూసే వీలే లేకుండా పోయింది.