హంతక జోకర్ సినిమాలపై ప్రేక్షకుల మాట: అపోహలు - వాస్తవాలు

భయానక చిత్రాల కోసం ముఖాలకు రంగులు వేయడం, గాయాలు అతికించడం, రక్తం కలపడం నా వృత్తి. తక్కువ ఖర్చుతో తీసిన హంతక జోకర్ చిత్రాలకు కూడా పనిచేశాను. అలాంటి సినిమా ఏది విడుదలైనా ప్రేక్షకులు రాసే అభిప్రాయాలను ఓపికగా చదువుతాను, ఎందుకంటే తెర మీద నమ్మకం ఏ క్షణాన తెగిపోయిందో వాళ్లకంటే కచ్చితంగా చెప్పగలిగేవారు లేరు. ఇన్నేళ్లు చదివిన తర్వాత నాకు బోధపడింది ఏమిటంటే, ప్రేక్షకుడు ఏదో తేడాగా ఉందన్న చోట తేడా దాదాపు ఎప్పుడూ ఉంటుంది, కానీ దానికి అతను చెప్పే కారణం చాలాసార్లు అసలు కారణం కాదు. పదే పదే వినిపించే ఆ కారణాలే అపోహలుగా స్థిరపడిపోయాయి. ఇక్కడ జోకర్ అంటే తెల్లరంగు పూసుకున్న సర్కస్ వేషధారి అని అర్థం చేసుకోవాలి. కామిక్స్‌లోని పాత్ర గురించి కాదు.

అపోహ: డబ్బు లేకపోవడం వల్లే రక్తం నకిలీగా కనిపిస్తుంది.

వాస్తవం: సెట్టులో ఉండే అతి చౌక వస్తువుల్లో రక్తం ఒకటి. కార్న్ సిరప్ (మొక్కజొన్న పాకం), ఎర్రటి ఫుడ్ కలర్, ఆ ఎరుపు మరీ మెరవకుండా ఒకటి రెండు చుక్కల నీలం లేదా ఆకుపచ్చ, చిక్కదనం కోసం కొద్దిగా చాక్లెట్ సిరప్ ఉంటే చాలు. నలుపు తెలుపు చిత్రాలకైతే చాక్లెట్ సిరప్ ఒక్కటే సరిపోయేది. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో రక్తంగా పారినది అదే. భారీ చిత్రాలవాళ్లు సీసాల్లో కొనేది కూడా చాలావరకు ఇలాంటి పాకమే.

రక్తాన్ని దెబ్బతీసేవి వేరే ఉన్నాయి. మొదటిది వెలుతురు. నీలి కాంతి కింద ఎరుపు నల్లబడిపోతుంది, పసుపు కాంతి కింద అదే ఎరుపు నారింజ రంగుకు తిరుగుతుంది. అందువల్ల మధ్యాహ్నం మేకప్ గదిలో కలిపి బాగుందనుకున్న రక్తం రాత్రి చిత్రీకరణలో సినిమా రక్తంలాగే కనిపిస్తుంది. జోకర్ సినిమాల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ముఖానికి వేసే తెల్లరంగు జిడ్డుగా ఉంటుంది కాబట్టి పాకం దాని మీద నిలవదు. తామరాకు మీద నీటిలా బొట్లు బొట్లుగా విడిపోయి జారిపోతుంది. చూసేవారికి అది ఎందుకు తప్పుగా ఉందో తెలియకపోయినా తప్పుగా ఉన్నదని మాత్రం వెంటనే తెలుస్తుంది. అందుకే నేను ముందుగా ఆ తెల్లరంగును నా చేతి వెనుక భాగానికి పూసుకుని, దాని మీద రక్తపు చుక్క వేసి, ఆ రాత్రి వాడబోయే దీపం కిందే కెమెరాలో చూస్తాను. ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపితే పాకం పొరలా పరుచుకుంటుంది. కళ్లకు, నోటికి తగిలే చోట దాన్ని వాడకూడదు కనుక అక్కడ పౌడర్ ఎక్కువగా అద్ది, జిడ్డును తగ్గించి సరిపెట్టుకుంటాం.

డబ్బు కొరత నిజంగా తెర మీదకు వచ్చేది రక్తంలో కాదు, దుస్తుల్లో. తెల్ల దుస్తుల మీద ఒకసారి రక్తం పడితే ఆ జత మళ్లీ అదే షాట్‌కు పనికిరాదు. నేను పనిచేసిన ఒక చిత్రంలో జోకర్‌కు మూడు జతలే కుట్టించారు. మొదటి టేక్‌లో పంపు నుంచి రక్తం తెచ్చే గొట్టం మడత పడి రక్తం రాలేదు. వచ్చిన నాలుగు చుక్కలు మాత్రం భుజం మీద పడి ఆ జత పోయింది. రెండో టేక్‌లో నటుడు అడుగు పక్కకు వేశాడు. మిగిలిన ఒక్క జతతో తర్వాతి వారం సన్నివేశాలు కూడా తీయాలి కాబట్టి, మూడో టేక్‌లో పంపు ఒత్తిడి తగ్గించమని నాకు చెప్పారు. సినిమా వచ్చాక ఒక ప్రేక్షకుడు ఆ దృశ్యం గురించి పిల్లల నీటి తుపాకీతో చల్లినట్టుందని రాశాడు. అతను చూసింది అక్షరాలా నిజం. రక్తం నాసిరకం అన్న అతని నిర్ధారణ మాత్రం నిజం కాదు.

అపోహ: కత్తి రబ్బరుదని తెలిసిపోతోంది, మంచి కత్తి వాడలేదు.

వాస్తవం: మనిషి మీద ప్రయోగించే షాట్‌లో రబ్బరు కత్తి లేదా పదును లేని కత్తి వాడటం భద్రతా నియమం; ఎంత పెద్ద చిత్రంలోనైనా అంతే. ప్రేక్షకుడికి అనుమానం కలిగించేది ఎక్కువగా శబ్దం. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చిత్రంలో పోటు శబ్దం మూడు నాలుగు ఫ్రేములు ఆలస్యమైనా చెయ్యి బరువు కోల్పోతుంది, కత్తి తేలిపోయినట్టు అనిపిస్తుంది. 1960లో వచ్చిన ‘సైకో’ స్నానాల గది దృశ్యానికి ఖర్బూజా జాతి పండును పొడిచి ఆ శబ్దం పట్టుకున్నారు. శబ్దం సరిగా కుదిరితే ఏమవుతుందో కూడా నేను చూశాను. ఒక చిత్రంలో గొంతు కోసే దృశ్యంలో కత్తి చర్మాన్ని తాకినట్టు ఎక్కడా లేదు; చెయ్యి కదలిక, శబ్దం, ఆ తర్వాత బాధితురాలి ముఖం, అంతే. అయినా కత్తి లోపలికి దిగడం కళ్లారా చూశామని, అంత దగ్గరగా చూపించడం అనవసరమని పలువురు రాశారు. నేను ఆ గాయాన్ని అసలు తయారుచేయనే లేదు.

అపోహ: మాటలు లేని పాత్ర కనుక, ఆ రంగుల వెనుక ఎవరున్నా ఒకటే.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే మాట ఇదే. ‘టెర్రిఫయర్’ చిత్రాల దర్శకుడు డేమియన్ లియోన్ సృష్టించిన ఆర్ట్ అనే జోకర్ తొలిసారి 2008 నాటి లఘుచిత్రంలో కనిపించాడు. మొదట్లో ఆ పాత్రను మైక్ జియానెల్లి పోషించగా, 2016 నుంచి డేవిడ్ హవర్డ్ థార్న్‌టన్ పోషిస్తున్నారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. వేషం దాదాపు అదే, తెల్ల ముఖం, నల్ల పెదవులు, చిన్న టోపీ. కానీ రెండో నటుడు మూకాభినయం తెలిసినవాడు కావడంతో తల వంచడంలో, నవ్వును ఒక్కసారిగా ఆపేయడంలో, చేసిన పనిని తానే మెచ్చుకుంటున్నట్టు నిలబడటంలో పాత్ర పూర్తిగా మారిపోయింది. ఆ సినిమాలను ఏవగించుకున్నవాళ్లు కూడా ఆ నటుణ్ణి మెచ్చుకోవడం తరచుగా చూస్తాం.

దీని వెనుక మేకప్ పని కూడా ఉంది. ముక్కు, గడ్డం, చెంప ఎముకల కోసం అతికించే ప్రోస్థెటిక్ ముక్కలు మందంగా ఉంటే కింద కండరం కదిలినా పైన ఏమీ కదలదు. ముక్కు పక్క నుంచి నోటి కొసల దాకా వచ్చే మడత దగ్గర పొర వీలైనంత పలచగా ఉండాలి, లేదా అక్కడ ముక్కే లేకుండా రంగుతో సరిపెట్టాలి. నవ్వడానికి నటుడు పడే శ్రమంతా ఆ మడతలోనే ఉంటుంది. ఉలుకూ పలుకూ లేని ముసుగు వేరే రకం భయం. 1978 నాటి ‘హాలోవీన్’కు రెండు డాలర్ల లోపు ధరకు కొన్న ముసుగుకు కనుగుంతలు పెద్దవి చేసి తెల్లరంగు వేస్తే చాలింది. జోకర్ అలా కాదు, అతను మనతో ఆడుకోవాలి.

అపోహ: జోకర్ కనిపిస్తే అందరూ భయపడతారు కాబట్టి ఇలాంటి సినిమా తీయడం తేలిక.

వాస్తవం: బ్రిటన్‌లోని సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 64 దేశాలకు చెందిన 987 మందిని అడిగి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, జోకర్‌లంటే కొంతైనా భయం ఉందన్నవారు 53.5 శాతం, తీవ్రమైన భయం ఉందన్నవారు 5 శాతం మాత్రమే. అంటే టికెట్టు కొన్నవారిలో దాదాపు సగం మందికి ఆ వేషం ఏ భయమూ కలిగించకపోవచ్చు. నాకు ఉపయోగపడినది ఆ అధ్యయనంలోని మరో విషయం. గతంలో జోకర్ వల్ల ఎదురైన చేదు అనుభవం కంటే, ఆ రంగుల కింద అసలు భావం ఏమిటో తెలియకపోవడమే భయానికి పెద్ద కారణంగా తేలింది. గీసిన నవ్వు ఒకటి, కళ్లు చెప్పేది మరొకటి. అందువల్ల కోరలు, పుండ్లు, కుళ్లిన చర్మం వంటివి జోడిస్తూ పోతే భయం పెరగదు. అది రాక్షసుడని ముందే తేలిపోయి సందిగ్ధం కాస్తా పోతుంది. నిర్మాతలు కోరలు అడిగిన ప్రతిసారీ నేను కళ్ల చుట్టూ ఖాళీ వదలమని వాదిస్తాను.

ఈ భయమంతా ఒక నవల వల్లనో, ఒక నిజజీవిత హంతకుడి వల్లనో పుట్టిందనేది కూడా సరికాదు. రంగస్థలంపై జోకర్ వేషంలో ఉన్నవాడు భార్యను చంపే కథతో పాలియాచ్చి అనే ఇటాలియన్ ఒపెరా 1892లోనే ప్రదర్శితమైంది.

అపోహ: ప్రేక్షకులు మూర్ఛపోయారన్న వార్తలన్నీ ప్రచారం కోసం పుట్టించినవే.

వాస్తవం: 2022లో ‘టెర్రిఫయర్ 2’ విడుదలైనప్పుడు ఇలాంటి వార్తలు వచ్చాయి, వాటిని ప్రచారానికి వాడుకున్న మాట కూడా నిజం. అయినా రక్తం చూసి స్పృహ తప్పడం శరీరధర్మానికి సంబంధించిన విషయం. సాధారణ భయంలో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. రక్తం, గాయాలంటే భయమున్న కొందరిలో మాత్రం అవి మొదట పెరిగి ఆ వెంటనే పడిపోతాయి, మెదడుకు రక్తం చాలక మనిషి కూలబడతాడు. ఇది పిరికితనానికి గుర్తు కాదు, సినిమా గొప్పదనానికి కొలత కూడా కాదు. ఈ స్వభావం ఉందని తెలిసినవారు అలాంటి చిత్రానికి వెళ్లకపోవడమే మంచిది. వెళ్లి కళ్లు తిరుగుతున్నట్టు అనిపిస్తే లేచి నడవడానికి ప్రయత్నించకుండా తల దించుకుని కూర్చోవాలి, వీలుంటే పడుకోవాలి.

అపోహ: పదికి అయిదు రేటింగు వచ్చిందంటే సినిమా ఒక మోస్తరుగా ఉందని అర్థం.

వాస్తవం: అందరూ అయిదు ఇచ్చినా సగటు అయిదే, సగం మంది ఒకటి, సగం మంది తొమ్మిది ఇచ్చినా సగటు అయిదే. ఈ తరహా సినిమాలు ఎక్కువగా రెండో రకానివి. సమీక్షల సైట్లు చూపే విమర్శకుల శాతం కూడా సినిమాకు వేసిన మార్కు కాదు, ఎంతమంది మొత్తం మీద బాగుందన్నారో చెప్పే లెక్క మాత్రమే.

అపోహ: ఈ సినిమాలకు కథ అక్కర్లేదు, చంపడం చూపిస్తే చాలు.

వాస్తవం: లక్ష డాలర్లు కూడా ఖర్చు కాని 2016 నాటి ‘టెర్రిఫయర్’ మీద వచ్చిన ప్రధానమైన ఫిర్యాదు బాధితులు ఎవరో తెలియకుండానే చనిపోతున్నారన్నది. అభిమానుల విరాళాల అండతో, సుమారు 2,50,000 డాలర్లతో తీసిన రెండో భాగంలో ఒక అమ్మాయి, ఆమె తమ్ముడు, తల్లి, చనిపోయిన తండ్రి జ్ఞాపకం వచ్చాయి. దాని వసూళ్లు కోటి డాలర్లు దాటాయి. అప్పుడు వచ్చిన ఫిర్యాదు 138 నిమిషాల నిడివి గురించి, అది నాకూ సబబుగానే తోచింది. అయితే నా పని వైపు నుంచి చెప్పగలిగింది ఒకటుంది. ప్రేక్షకులకు ఇష్టమైన మనిషి చేతిపై నేను పెట్టే చిన్న కోత కూడా పనిచేస్తుంది. పేరు కూడా తెలియని మనిషికి తల తెగినా అందరి చూపూ అతుకు ఎక్కడుందా అని వెతుకుతుంది. నా అతుకులు బయటపడకుండా కాపాడేది కథే కాబట్టి స్క్రిప్టు చేతికి రాగానే గాయాల జాబితా కాకుండా ఆ మనుషుల పరిచయ సన్నివేశాలను ముందు చదువుతాను.

అపోహ: ప్రేక్షకులు ఏం రాసినా సినిమావాళ్లు పట్టించుకోరు.

వాస్తవం: ఒక చిత్రంలో జోకర్ తలకు ప్లాస్టిక్ బాల్డ్ క్యాప్, అంటే జుట్టును కప్పి బట్టతలలా చూపే పలచటి తొడుగు, తొడిగాం. దాని అంచును అసిటోన్‌తో కరిగించి చర్మంలో కలిపేస్తాం. అద్దంలో అంతా బాగుంది, ఎదురుగా తీసిన షాట్లన్నీ బాగున్నాయి. విడుదలయ్యాక ఒక ప్రేక్షకురాలు రెండే వాక్యాలు రాసింది: మెట్ల మీద జోకర్ పక్కకు తిరిగినప్పుడు చెవి వెనుక ఒక గీత కనిపించిందని, ఆ తర్వాత తనకు అతని తల తప్ప ఇంకేమీ కనిపించలేదని. మళ్లీ చూశాను. మెట్ల మీద దీపం పక్కనుంచి వచ్చింది, కరగని అంచు నీడ చెవి వెనుక సన్నటి దారంలా పడింది. సెట్టులో ఉన్న మాలో ఎవరమూ దాన్ని చూడలేదు. అప్పటినుంచి నటుణ్ణి కెమెరా ముందుకు పంపే ముందు గదిలో దీపాలు ఆర్పించి, ఫోన్ టార్చిని అతని చెవి పక్కన అడ్డంగా పట్టుకుని, మెడ చుట్టూ నెమ్మదిగా తిప్పి చూస్తున్నాను.