డెజర్ట్ విల్లో: పేరు విల్లోది, చుట్టరికం నువ్వు చేనుతో

అరిజోనాలోని ఫీనిక్స్‌లో తోటల పని చేస్తాను. ఇంటి ముందు డెజర్ట్ విల్లో అనే పూల చెట్టు నాటుకున్న మనవాళ్లు తరచూ అడిగే సందేహాలివి.

అపోహ: ఇది విల్లోలలో (నీటి ఒడ్డున పెరిగే చెట్లు) ఎడారి రకం.

వాస్తవం: కానే కాదు. ఆకు విల్లో ఆకులా సన్నగా, పొడుగ్గా ఉంటుందని జనం పెట్టుకున్న పేరది. శాస్త్రీయ నామం కిలాప్సిస్ లినియారిస్. విల్లోలది సాలికేసి కుటుంబం, దీనిది బిగ్నోనియేసి, అంటే మన ఆకాశమల్లె కుటుంబం. ఇంకో మెట్టు పైకెక్కి, కొన్ని కుటుంబాలను కలిపే ఆర్డర్ స్థాయిలో చూస్తే విల్లో ఆముదంతో కలుస్తుంది, ఇది నువ్వులతో, తులసితో కలుస్తుంది. నువ్వు చేను పూత చూసినవాళ్లకు ఈ పువ్వు కొత్తగా అనిపించదు. అదే గొట్టం, అవే పెదవుల్లాంటి అంచులు. 'కిలాప్సిస్' అన్న గ్రీకు మాటకు అర్థం కూడా పెదవిని పోలినదనే.

నమ్మకం కుదరకపోతే పువ్వు లోపల చూడండి. కీలాగ్రానికి, అంటే పుప్పొడిని అందుకునే కొనకు, రెండు తమ్మెలుంటాయి. గడ్డిపోచతో మెల్లగా తాకితే కళ్ల ముందే మూసుకుంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. విల్లో పూతకైతే రేకులే ఉండవు, పైగా ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు.

అపోహ: శాస్త్రవేత్తలు మొదట విల్లో అనుకుని, తర్వాత మార్చారు.

వాస్తవం: 1790ల్లో స్పెయిన్ వృక్షశాస్త్రజ్ఞుడు కవానిల్లెస్ పెట్టిన మొదటి పేరే బిగ్నోనియా లినియారిస్, అంటే మొదటి నుంచీ బిగ్నోనియేసి చుట్టమనే అనుకున్నారు. 1823లో డేవిడ్ డాన్ దీన్ని కిలాప్సిస్ అనే వేరే ప్రజాతిగా విడదీశాడు. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే.

అపోహ: నర్సరీల్లో దొరికే చిటాల్పా ఇందులోనే ఒక రకం.

వాస్తవం: అది సంకరం. 1960ల్లో తాష్కెంట్‌లో డెజర్ట్ విల్లోను కటాల్పా అనే చెట్టుతో కలిపి సృష్టించారు. రెండూ ఒకే కుటుంబం కాబట్టే అది కుదిరింది. చిటాల్పాకు కాయలు పట్టవు. అసలు డెజర్ట్ విల్లోకు మాత్రం జానెడు పొడుగు సన్న కాయలు వేలాడతాయి.

అపోహ: చలికాలంలో ఎండిపోయింది, ఇక చచ్చినట్టే.

వాస్తవం: ఇది ఆకు రాల్చే చెట్టు, వసంతంలో కాస్త ఆలస్యంగా చిగురిస్తుంది. ఆ టెన్షన్‌లో ఒక ఇంటివాళ్లు బతికున్న చెట్టును కొట్టించేశారు, నాకు ఇప్పటికీ బాధే. రంపం తెచ్చేముందు కొమ్మ బెరడును గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఆగండి.