బెల్ట్ కదలాలంటే ఎన్ని హెచ్‌పీ?

చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో షెడ్ నడిపే మన తెలుగువాళ్ళు కన్వేయర్ (సరుకు మోసే బెల్ట్) కట్టించేటప్పుడు మోటార్ షాపులో మొదట అడిగేది "ఒక హెచ్‌పీ చాలా అండీ, రెండు తీసుకోమంటారా?" అనే. రెండైతే ధైర్యం. కానీ ఏదో ఇరుక్కుంటే పెద్ద మోటార్ ట్రిప్ అవకుండా (తనంతట ఆగిపోకుండా) బెల్ట్‌నే చించేస్తుంది. హెచ్‌పీ చివర్లో తేలే అంకె; ముందు తెలియాల్సింది బెల్ట్‌ని ఎంత బలంతో, ఎంత వేగంగా లాగాలన్నది.

సరుకు 100 కిలోలు, బెల్ట్‌తో కలిపి 200 అనుకోండి, రోలర్లు లేకుండా రేకు మీద జారే బెల్ట్ కాబట్టి రాపిడి గుణకం 0.3 వేసుకుందాం. 200ని 9.81తో, మళ్ళీ 0.3తో గుణిస్తే 590 న్యూటన్ల దాకా వస్తుంది. దాన్ని సెకనుకు అర మీటరు వేగంతో గుణిస్తే 295 వాట్లు, వార్మ్ గేర్‌బాక్స్ (మర లాంటి గేర్‌తో వేగం తగ్గించే పెట్టె) సామర్థ్యం 70 శాతమే అయితే మోటార్ 420 ఇవ్వాలి. అర హెచ్‌పీ అంటే 373 వాట్లే, చాలదు. ముప్పావు హెచ్‌పీ సరిపోతుంది. బెల్ట్‌ని లాగే డ్రమ్ వ్యాసం 100 మిల్లీమీటర్లయితే నిమిషానికి 95 చుట్లు తిరగాలి, మోటార్ 1440 తిరుగుతుంది, కాబట్టి గేర్‌బాక్స్ 15:1.

అదే కన్వేయర్‌ని 20 డిగ్రీలు ఏటవాలుగా పెడితే సరుకు బరువే ఇంకో 335 న్యూటన్లు కలుపుతుంది (బెల్ట్ బరువు కలపక్కర్లేదు, ఎక్కేదీ దిగేదీ సమానం), దాంతో లెక్క ఒక హెచ్‌పీకి చేరుతుంది. కరెంటు పోతే సరుకు వెనక్కి జారకుండా బ్రేక్ మోటార్ (కరెంటు పోగానే తనే బ్రేక్ పట్టేది) తీసుకోండి. వార్మ్ గేర్ పట్టుకుంటుందిలే అని ధీమాగా ఉండొద్దు.

అసలు చిక్కు స్టార్టింగ్‌లో. సరుకు నిండుగా ఉన్న బెల్ట్‌ని నిలబడ్డచోటి నుంచి కదిలించడం, కదిలాక నడపడం కంటే కష్టం. పెద్ద మోటార్లకు స్టార్-డెల్టా స్టార్టర్ (మొదట స్టార్ కనెక్షన్‌లో తక్కువ వోల్టేజ్‌తో మొదలుపెట్టి, తర్వాత డెల్టాకు మార్చేది) పెడితే స్టార్‌లో టార్క్ (తిప్పే బలం) మూడో వంతుకు పడిపోతుంది, మోటార్ మూలుగుతుంది తప్ప బెల్ట్ కదలదు. వోల్టేజ్ 10 శాతం తగ్గినా టార్క్ 81 శాతమే మిగులుతుంది.

ఇక వేడి. మామూలు మోటార్లను 40 డిగ్రీల గాలికి లెక్కగట్టి తయారుచేస్తారు, మే నెలలో చెన్నై రేకుల షెడ్డులో అంత దాటడం వింతేమీ కాదు. పైగా వీఎఫ్‌డీతో (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటార్ వేగాన్ని మార్చే పరికరం) వేగం తగ్గిస్తే షాఫ్ట్ మీది ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. రోజంతా 20 హెర్ట్జ్ దగ్గరే నడపాలంటే విడిగా కరెంటు తీసుకునే ఫ్యాన్ ఉన్న మోటార్ అడగండి, లేదా గేర్ నిష్పత్తి పెంచి మోటార్‌ని 50 హెర్ట్జ్ దగ్గరే తిరగనివ్వండి, అదే చవక.